పాత లారీకి థర్డ్ పార్టీ బీమా ఒక్కటే చాలునా, పూర్తి పాలసీ తీసుకోవాలా?

గాజులమండ్యం వ్యాపారి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గాజులమండ్యం దగ్గర మాది చిన్న కుటుంబ వ్యాపారం. దామలచెరువు, బంగారుపాళ్యం మండీలలో మామిడికాయలు కొని గుజ్జు ఫ్యాక్టరీలకు చేరవేస్తాము. కాయల కాలం ముగిశాక అవే బండ్లలో కూరగాయలు, పశువుల దాణా తోలుతాము. మాకు తొమ్మిదేళ్ల ఆరు చక్రాల లారీ ఒకటి, రెండేళ్లు దాటిన చిన్న ట్రక్కు ఒకటి ఉన్నాయి. చిన్న ట్రక్కు మీద ఫైనాన్సు ఇంకా తీరలేదు. రెండూ మా అన్నయ్య పేరు మీదే రిజిస్టరు అయ్యాయి.

వచ్చే నెలలో రెండు బండ్ల బీమా గడువూ ముగుస్తోంది. ఏజెంటు ఇచ్చిన లెక్క చూసినప్పటి నుంచి ఇంట్లో వాదన నడుస్తోంది. మా బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి వర్తించే థర్డ్ పార్టీ ప్రీమియమే లారీకి ముప్పై అయిదు వేలు దాటుతోంది. దానికి మా బండికే జరిగే నష్టానికి వర్తించే ఓన్ డ్యామేజీ కూడా కలిపి పూర్తి పాలసీ తీసుకుంటే తొమ్మిదేళ్ల బండికి అంత డబ్బు కట్టడం దండగ అని అన్నయ్య అభిప్రాయం. "చట్టం అడుగుతోంది కాబట్టి థర్డ్ పార్టీ కడదాం. ఆపైన ఒక్క రూపాయి కూడా వద్దు. ఇన్నేళ్లలో మనం ఒక్క క్లెయిమైనా చేశామా?" అని ఆయన అడుగుతున్నారు. ఆ మాటను తోసిపుచ్చడానికి నా దగ్గర సరైన జవాబు లేదు, అలాగని ఒప్పుకోవడానికి ధైర్యమూ చాలడం లేదు. ఎందుకంటే మా లారీ భాకరాపేట ఘాటు మీదుగా మదనపల్లెకూ, మొగిలి ఘాటు మీదుగా పలమనేరు వైపుకూ తరచుగా వెళ్లివస్తూ ఉంటుంది.

థర్డ్ పార్టీ పాలసీ మమ్మల్ని నిజంగా ఎంతవరకు కాపాడుతుంది? పాత లారీకి పూర్తి పాలసీ తీసుకోవడం వల్ల ప్రయోజనం ఉంటుందా? మరొక సందేహం కూడా ఉంది. కాయల కాలంలో హమాలీలు బండిలోనే, ఒక్కోసారి లోడు మీదే కూర్చుని వస్తారు. చెన్నైలోని కోయంబేడు మార్కెట్‌కు వెళ్లిన లారీ ఖాళీగా తిరిగి రాకుండా, అక్కడ బాడుగకు దొరికిన సరకు వేసుకుని వస్తుంది. ఇటువంటివి బీమాకు అడ్డమవుతాయా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

చిత్తూరు న్యాయవాది

నేను మోటారు ప్రమాద పరిహార కేసులు చూస్తాను. బాధితుల తరఫునా వాదించాను, బండి యజమానుల తరఫునా వాదించాను. మీ ఇంట్లో చర్చ అంతా లారీ విలువ చుట్టూ తిరుగుతున్నట్లుంది. ఈ కేసులు విచారించే ట్రిబ్యునల్‌లో కూర్చుని చూసేవారికి లారీ విలువ ఆఖరి లెక్క. బీమా సరిగా లేని యజమానికి ముందుగా చేజారేవి ఇల్లూ, పొలమూ. కాబట్టి మీ అన్నయ్యగారు తప్పనిసరి తద్దినంలా కట్టాలనుకుంటున్న ఆ థర్డ్ పార్టీ భాగమే మీ వ్యాపారానికి అన్నిటికంటే ముఖ్యమైనది.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 146వ సెక్షను ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండిని రోడ్డు మీదికి తేకూడదు. తెస్తే 196వ సెక్షను కింద మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గానీ, మూడు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. మళ్లీ పట్టుబడితే జరిమానా 4,000 రూపాయలు. చాలామంది వ్యాపారులు ఈ జరిమానా అంకెను చూసి, బీమా లేకపోతే నష్టం ఇంతే కదా అనుకుంటారు. అసలు నష్టం ఎలా ఉంటుందో ఒక లెక్క చూపిస్తాను.

మీ లారీ తగిలి, 33 ఏళ్ల వయసున్న ఒక పాల వ్యాపారి చనిపోయాడనుకోండి. అతని నెల సంపాదన 20,000 రూపాయలని సాక్ష్యం ద్వారా తేలింది. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడి ఉన్నారు. సుప్రీంకోర్టు 2009లోనూ, 2017లో రాజ్యాంగ ధర్మాసనం ద్వారానూ స్థిరపరచిన పద్ధతిలో, నలభై ఏళ్ల లోపు స్వయం ఉపాధి గలవారికి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. అప్పుడు నెలకు 28,000, ఏడాదికి 3,36,000 అవుతుంది. అందులో నాలుగో వంతు అతని సొంత ఖర్చు కింద తీసివేస్తే 2,52,000 మిగులుతుంది. ఆ వయసుకు ఏడాది మొత్తాన్ని హెచ్చించే గుణకం 16 కాబట్టి మొత్తం 40,32,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, కుటుంబానికి సాహచర్యం దూరమవడం వంటి పద్దులు దీనికి అదనం. ట్రిబ్యునల్ సాధారణంగా దావా వేసిన తేదీ నుంచి వడ్డీ కూడా వేస్తుంది. అతడు ఇంకొంచెం ఎక్కువ సంపాదించే ఉద్యోగి అయితే ఈ అంకె ఎక్కడికి వెళ్తుందో మీరే ఊహించగలరు.

మరణానికి, గాయాలకు సంబంధించి థర్డ్ పార్టీ పాలసీకి పరిమితి లేదు. తీర్పులో ఎంత వస్తే అంతా బీమా సంస్థ కట్టాలి. ఇతరుల ఆస్తికి జరిగే నష్టానికి మాత్రం వాణిజ్య వాహనాల పాలసీలలో సాధారణంగా 7,50,000 రూపాయల వరకే రక్షణ ఉంటుంది. పాలసీ లేకపోతే ఈ మొత్తమంతా రిజిస్టర్డు యజమాని, అంటే మీ అన్నయ్యగారు, తన ఆస్తి నుంచి కట్టవలసిందే. సొంత పేరు మీద నడిచే వ్యాపారంలో వ్యాపారపు అప్పుకూ ఇంటి ఆస్తికీ మధ్య గోడ ఉండదు. కట్టకపోతే 174వ సెక్షను కింద కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయి లాగా వసూలు చేస్తారు. ప్రమాదం కాణిపాకం దగ్గర జరిగినా, బాధిత కుటుంబం వేలూరులో నివసిస్తూ ఉంటే అక్కడి ట్రిబ్యునల్‌లోనే దావా వేయవచ్చు. అంటే మీరు వాయిదాలకు తమిళనాడుకు తిరగవలసి వస్తుంది.

ఇక మీరు అడిగిన రెండో సంగతి మరీ ముఖ్యమైనది. పాలసీ ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేము. ప్రమాదం నాటికి డ్రైవరుకు ఆ రకం బండి నడిపే లైసెన్సు లేదనీ, ఆ సంగతి యజమానికి తెలిసిందేననీ లేదా యజమాని తగిన జాగ్రత్తతో సరిచూసుకోలేదనీ బీమా సంస్థ రుజువు చేస్తే, ట్రిబ్యునల్ "ముందు మీరు కట్టండి, తరువాత యజమాని నుంచి రాబట్టుకోండి" అని ఆదేశిస్తుంది. బాధితుడికి డబ్బు అందుతుంది గానీ, భారం తిరిగి మీ మీదికే వస్తుంది. రాబట్టుకోవడానికి బీమా సంస్థ వేరుగా దావా వేయనక్కరలేదు. అదే ట్రిబ్యునల్‌లో అమలు పిటిషను వేస్తే చాలు. పర్మిట్ లేకుండా తిరిగిన బండి విషయంలోనూ ఇదే పద్ధతి వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2018లో మళ్లీ స్పష్టం చేసింది. లారీ తమిళనాడులో అడుగుపెడుతోంది కాబట్టి నేషనల్ పర్మిట్ గానీ, ఆ రాష్ట్రంలో చెల్లే మరో పర్మిట్ గానీ ఆ రోజుకు అమలులో ఉండాలి. తొమ్మిదేళ్ల బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఏటేటా చేయించుకోవాలి. చిన్న ట్రక్కు మొత్తం బరువు లోడుతో కలిపి 7,500 కిలోలు మించకపోతే, లైట్ మోటారు వాహన లైసెన్సు ఉన్న డ్రైవరు నడపవచ్చునని 2024 నవంబరులో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ వెసులుబాటు మీ ఆరు చక్రాల లారీకి వర్తించదు.

కోయంబేడు బాడుగ సంగతి చూద్దాం. పాలసీలో మీ లారీని ఏ తరగతిలో రాశారో ఒకసారి తీసి చదవండి. సొంత సరకు మాత్రమే మోసే ప్రైవేటు కారియరుగా రాయించి, తిరుగు ప్రయాణంలో బాడుగకు ఇతరుల సరకు వేసుకుంటే వినియోగ షరతును ఉల్లంఘించినట్లు అవుతుంది. బాడుగ మానలేని పక్షంలో పాలసీని, బాడుగకు ఇతరుల సరకు మోసే పబ్లిక్ కారియరుగా తీసుకోవడమే మార్గం.

హమాలీల విషయంలో రెండు విడివిడి సంగతులున్నాయి. మీ దగ్గర పనిచేస్తూ ఆ లోడు పని మీదే బండిలో ప్రయాణించే కూలీలకు, పనిలో గాయపడినవారికి చట్టప్రకారం రావలసిన పరిహారం మేరకు పాలసీ రక్షణ ఉంటుంది. సరకు యజమానికి గానీ, అతని ప్రతినిధికి గానీ 147వ సెక్షను రక్షణ ఉంది. అయితే ఆర్‌సీలో రాసిన సీట్ల సంఖ్యకు మించి ఎక్కించినా, లోడు మీద కూర్చోబెట్టినా బీమా సంస్థ తప్పకుండా అభ్యంతరం చెబుతుంది, చాలాసార్లు నెగ్గుతుంది కూడా. ఇక తిరుమలకు పోయే ఊరివాళ్లనో, పెళ్లిబృందాన్నో సరకుల బండిలో ఎక్కించుకుంటే వారికి బీమా సంస్థ బాధ్యత ఉండదని సుప్రీంకోర్టు రెండు దశాబ్దాల క్రితమే చెప్పింది. మన జిల్లాలలో ఈ అలవాటు ఎంత ఎక్కువో నేను చెప్పనక్కరలేదు. డ్రైవరు పది రూపాయలు తీసుకున్నాడా, పుణ్యానికి ఎక్కించుకున్నాడా అనేది మీకు ఏ విధంగానూ ఉపయోగపడదు.

రేణిగుంట ట్రాన్స్‌పోర్టు

లాయరుగారు చెప్పినదంతా నిజం. నేను ఓన్ డ్యామేజీ గురించి మాత్రమే రాస్తాను, అందులోనూ మీ అన్నయ్యగారి పక్షానే కొంత మాట్లాడతాను. మా దగ్గర పాత బండ్లు చాలా ఉన్నాయి. ఒక బండి పూర్తిగా పోయినా మరుసటి నెల వ్యాపారం ఆగకుండా చేతి డబ్బుతో ఇంకొకటి దించగల స్థితి ఉన్న యజమాని, పాత బండికి ఓన్ డ్యామేజీ మానుకుంటే అది తెలివితక్కువ పని ఏమీ కాదు. పెద్ద ట్రాన్స్‌పోర్టు యజమానులు కొందరు చేస్తున్నది అదే. మీకు ఉన్నదే ఒక్క లారీ. అది ఘాటులో పడిపోతే, కాయల కాలం నడిమధ్యలో మండీ నుంచి ఫ్యాక్టరీకి రోజూ అద్దె బండి మాట్లాడుకోవలసి వస్తుంది. ఆ రోజుల్లో బాడుగలు ఎలా ఉంటాయో మీకే బాగా తెలుసు. అన్నయ్యగారిని "ఎన్ని క్లెయిములు చేశాము?" అని కాకుండా, "రేపు లారీ లేకపోతే ఆరు లక్షలు ఎక్కడి నుంచి తెస్తాము?" అని లెక్క వేయమనండి. జవాబు బ్యాంకులో ఉంటే మానండి, వడ్డీ వ్యాపారి దగ్గర ఉంటే కట్టండి.

థర్డ్ పార్టీ ప్రీమియం విషయంలో ఏ కంపెనీ దగ్గర బేరమాడినా ఉపయోగం లేదు, ఎందుకంటే ఆ ధరను కేంద్ర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన పట్టికలో మొత్తం బరువు 7,500 కిలోల లోపు సరకుల బండికి 16,049 రూపాయలు, 12,000 నుంచి 20,000 కిలోల మధ్య ఉన్న మీ లారీ వంటి వాటికి 35,313 రూపాయలు, జీఎస్టీ అదనం. ఓన్ డ్యామేజీ ధరలు మాత్రం 2007 నుంచి కంపెనీల ఇష్టానికే వదిలేశారు. కాబట్టి మూడు చోట్ల అడగండి. క్లెయిము లేని సంవత్సరాలకు నో క్లెయిమ్ బోనస్ 20 శాతం నుంచి మొదలై 50 శాతం వరకు ఓన్ డ్యామేజీ భాగంలో తగ్గుతుంది. మీరు ఇన్నేళ్లూ పూర్తి పాలసీ కడుతూ వచ్చి క్లెయిము చేయకపోయి ఉంటే ఆ రాయితీ ఇప్పుడు మీ చేతిలోనే ఉంది. గడువు దాటి తొంభై రోజులు గడిస్తే అది పోతుంది. మరొక మార్గం కూడా ఉంది: థర్డ్ పార్టీతో పాటు అగ్నిప్రమాదం, దొంగతనం వరకు మాత్రమే కలిపి తీసుకోవడం. దీనిని ఏజెంట్లు తమంతట తాము చెప్పరు, మీరే అడిగి చూడండి.

ఒక హెచ్చరిక. బ్రోకరు ఆఫీసులో నగదు కట్టి, రంగు కాగితం తీసుకుని డ్యాష్‌బోర్డు పెట్టెలో పడేసి మరచిపోవద్దు. దొంగ పాలసీలు అమ్మేవారు ఉన్నారు. డబ్బు నేరుగా కంపెనీకి పంపండి. రెండు మూడు రోజుల తరువాత ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో మీ బండి నంబరు కొట్టి, బీమా గడువు కొత్త తేదీకి మారిందో లేదో చూడండి. చెక్కు ఇచ్చి అది చెల్లకపోతే పాలసీ రద్దవుతుంది. డ్రైవరుకూ క్లీనరుకూ వర్తించే ఐఎంటీ 28 అనే అదనపు షరతు కూడా తప్పకుండా రాయించండి. దాని ఖరీదు మనిషికి చాలా తక్కువ. ఇంత తక్కువ డబ్బుకు ఈ వ్యాపారంలో దొరికే మేలు మరొకటి నాకు తెలియదు.

గాజులమండ్యం వ్యాపారి

ఇద్దరికీ కృతజ్ఞతలు. లాయరుగారు వేసిన లెక్కను అన్నయ్యకు చదివి వినిపించాను. ఆయన ఏమీ అనలేదు గానీ, ఆ సాయంత్రమే పర్మిట్ కాగితాలు బయటకు తీశారు. పాలసీలో మా లారీని ప్రైవేటు కారియరుగానే రాసి ఉంది, కాబట్టి దానిని మార్పించవలసి ఉంది. చిన్న ట్రక్కుకు ఫైనాన్సు సంస్థ ఎలాగూ పూర్తి పాలసీ అడుగుతుంది. లారీ సంగతే ఇంకా తేలలేదు. ఓన్ డ్యామేజీ తీసుకుంటే తొమ్మిదేళ్ల బండికి నిజంగా చేతికి వచ్చేది ఎంత? బండి బోల్తా పడితే అందులోని కాయల నష్టం కూడా ఇస్తారా? 2021 నవంబరు వరదల్లో మా పక్క గోడౌను ముందు నిలిపిన బండ్లు రెండు రోజులు నీళ్లలో ఉన్నాయి. అటువంటి నష్టానికి బీమా పనికివస్తుందా?

తిరుపతి సర్వేయరు

నేను బీమా నష్టాలను అంచనా వేసే సర్వేయరును. మీ మూడు ప్రశ్నలకూ వరుస మార్చి జవాబు చెబుతాను.

కాయల నష్టం రాదు. బండి పాలసీ బండికే వర్తిస్తుంది, సరకుకు వేరే పాలసీ ఉండాలి. దానిని ఇన్‌ల్యాండ్ ట్రాన్సిట్ పాలసీ అంటారు. అందులో "బి" క్లాజు తీసుకుంటే అగ్నిప్రమాదం, ఢీకొనడం, బోల్తా పడడం వంటి వాటికి వర్తిస్తుంది. "ఎ" క్లాజు అంతకంటే విస్తృతమైనది. "సి" క్లాజు నిప్పు, పిడుగు వరకే. మామిడి, టమోటా వంటి వాటికి ఒక చిక్కు ఉంది. ఆలస్యం వల్ల మగ్గిపోయిన, కుళ్లిపోయిన సరకుకు ఏ క్లాజు కిందా డబ్బు రాదు, ఆ ఆలస్యానికి ప్రమాదమే కారణమైనా సరే. కాబట్టి బోల్తా పడిన లోడులో పగిలిన కాయలకు, రెండు రోజులు రోడ్డు పక్కన పడి చెడిపోయిన కాయలకు లెక్క వేరుగా వేస్తాము. కోయంబేడు నుంచి బాడుగకు తెచ్చే ఇతరుల సరకు విషయంలో మీకు రవాణాదారు బాధ్యత వస్తుంది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, దాని నియమాల ప్రకారం సరకు యజమాని విలువను ముందుగా ప్రకటించకపోతే ఆ బాధ్యత బాడుగకు పది రెట్ల వరకే ఉంటుంది. బాడుగ పత్రంలో ఏమి రాస్తున్నారో డ్రైవరుకు వదిలేయకండి.

వరద నష్టానికి పూర్తి పాలసీ వర్తిస్తుంది, థర్డ్ పార్టీ పాలసీ వర్తించదు. ఆ నవంబరులో స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేసిన రోజులలో, నీళ్లు తగ్గగానే చాలామంది చేసిన పని బండి తాళం తిప్పి స్టార్ట్ చేయడం. గాలి లాగే గొట్టం గుండా సిలిండరులోకి నీళ్లు చేరిన ఇంజినును తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది, ఒక్కోసారి బ్లాకే పగులుతుంది. నీళ్లలో మునగడం వల్ల వచ్చిన నష్టం ఒకటి, మునిగిన తరువాత స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టం ఇంకొకటి. రెండోదానిని పర్యవసాన నష్టంగా చూసి సంస్థ తోసిపుచ్చుతుంది. వంగిన రాడ్డును చేతిలో పట్టుకుని చూసిన సర్వేయరుకు ఏమి జరిగిందో ఇట్టే తెలుస్తుంది. "మేము ముట్టుకోలేదండీ" అని యజమాని అన్నంత మాత్రాన ఇనుము అబద్ధం చెప్పదు. మునిగిన బండి బ్యాటరీ తీగలు విప్పి, ఫొటోలు తీసి, కంపెనీకి తెలియజేసి, తోయించుకునో లాగించుకునో షెడ్డుకు చేర్చండి.

ఇక చేతికి వచ్చేది ఎంత అనే ప్రశ్న. దీనికి ఏజెంట్లు సరైన జవాబు చెప్పరు, కాబట్టి నేను చెబుతాను. అయిదేళ్లు దాటిన బండి విలువను, అంటే ఐడీవీని, మీరూ సంస్థా మాట్లాడుకుని నిర్ణయించుకోవచ్చు. ప్రీమియం తగ్గుతుందని దానిని మరీ కిందికి దించితే, బండి పూర్తిగా పోయిన రోజున అంతే వస్తుంది. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే పూర్తి నష్టంగా లెక్కిస్తారు. చిన్న మరమ్మతుల విషయంలో మాత్రం పాత బండికి లాభం తక్కువ. అయిదు నుంచి పదేళ్ల మధ్య ఉన్న బండి ఇనుప భాగాలకు 40 శాతం తరుగు తీసివేస్తాము. లక్ష రూపాయల భాగాలు మార్చితే అరవై వేలు వస్తాయి. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకూ బ్యాటరీకీ సగమే వస్తుంది. గాజుకు తరుగు లేదు. దీనిమీద, ప్రతి క్లెయిములో మీరే భరించవలసిన తప్పనిసరి మినహాయింపు కూడా ఉంటుంది.

వాణిజ్య వాహనాల పాలసీలో మరొక లోపం ఉంది. బండి పూర్తిగా నష్టపోతే తప్ప టైర్లు, లైట్లు, మడ్‌గార్డులు, బంపరు, బానెట్ పక్క భాగాలు, పెయింటు వంటి వాటికి మామూలు పాలసీలో డబ్బు రాదు. లారీ ఎదురుగా దేనినైనా గుద్దితే ముందుగా పోయేవి అవే! ఐఎంటీ 23 అనే అదనపు షరతు రాయించుకుంటే వాటికి కూడా వర్తిస్తుంది. టారిఫ్ ప్రకారం దానికి ఓన్ డ్యామేజీ ప్రీమియంలో 15 శాతం అదనంగా కట్టాలి. పాలసీ షెడ్యూలులో ఎండార్స్‌మెంట్ల (అదనపు షరతుల) వరుసలో 23 అనే అంకె కనబడుతోందో లేదో మీరే చూసుకోండి. చిన్న ట్రక్కుకు ఇది తప్పక తీసుకోండి. పాత లారీకి, తరుగు పోగా మిగిలేది చూసుకుని నిర్ణయించుకోండి. నా మటుకు నేను ఘాటు రోడ్డు మీద తిరిగే మీ లారీకి పూర్తి పాలసీ తీసుకోమంటాను, అయితే బోల్తా, అగ్నిప్రమాదం, దొంగతనం, వరద వంటి పెద్ద నష్టాల కోసమే. గీతలకూ సొట్టలకూ క్లెయిము చేసి నో క్లెయిమ్ బోనస్ పోగొట్టుకోకండి.

ఘాటులో బండి పడితే ఇంకో ఖర్చు కూడా ఎదురవుతుంది. పెద్ద బండిని లాగించడానికి మామూలు పాలసీ ఇచ్చేది 2,500 రూపాయలు మాత్రమే. భాకరాపేట లోయ నుంచి లారీని పైకి తీయడానికి వచ్చే క్రేను ఆ డబ్బుకు షెడ్డు గేటు కూడా దాటదు. అదనపు ప్రీమియం కట్టి ఈ పరిమితిని ముందే పెంచుకోవచ్చు. బండిని కదపకముందే కంపెనీకి ఫోను చేసి, ఘటనా స్థలంలో సర్వే అడగండి. ట్రాఫిక్ కారణంగా పోలీసులు తీయించివేస్తే అంతకుముందే నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసి ఉంచండి, టైర్ల గుర్తులతో సహా.

ఓవర్‌లోడు గురించి ఎవరూ అడగలేదు గానీ, తూకం చీటీ నేను తప్పక అడుగుతాను. షరతుల ఉల్లంఘన ఉన్నా అది ప్రమాదానికి మూలకారణం కానప్పుడు క్లెయిమును పూర్తిగా కొట్టివేయకుండా, నాన్ స్టాండర్డు పద్ధతిలో 75 శాతం వరకు ఇచ్చే సంప్రదాయం ఉంది. సుప్రీంకోర్టు కూడా 2010లో దానిని సమర్థించింది. ఘాటు దిగుడులో బ్రేకులు పట్టని ఓవర్‌లోడు బండికి ఆ వాదన నిలవడం కష్టం.

పుత్తూరు ఆడిటరు

ఒక చిన్న సంగతి. వ్యాపారానికి వాడే బండ్ల బీమా ప్రీమియం వ్యాపార ఖర్చుగానే ఆదాయపు పన్ను లెక్కలోకి వస్తుంది. సరకుల బండి ప్రీమియం మీద కట్టిన జీఎస్టీకి, మీరు పన్ను వర్తించే సరకుతో వ్యాపారం చేస్తూ ఉంటే, ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవడానికి, అంటే దానిని మీరు కట్టవలసిన జీఎస్టీలో తగ్గించుకోవడానికి, అడ్డు లేదు. పచ్చి కాయలు, కూరగాయల అమ్మకానికి పన్ను లేదు కాబట్టి ఆ వాటా మేరకు క్రెడిట్ తగ్గించుకోవాలి. పాలసీ మీద మీ జీఎస్టీ నంబరు వేయించడం మరవకండి. తరువాత మార్పించడానికి చాలా తిరగవలసి వస్తుంది.

గాజులమండ్యం వ్యాపారి

అందరికీ ధన్యవాదాలు. లారీని పబ్లిక్ కారియరుగా మార్పించి పూర్తి పాలసీ తీసుకోవడానికి అన్నయ్య ఒప్పుకున్నారు. ఐఎంటీ 28, లాగింపు ఖర్చు పెంపు రెండూ రాయిస్తున్నాము. ఐఎంటీ 23 చిన్న ట్రక్కుకు మాత్రమే. హమాలీలను చిన్న ట్రక్కులో సీట్ల మేరకు పంపి, మిగిలినవారికి బస్సు చార్జీ ఇస్తామని చెప్పాము. వాళ్లు కొంత సణిగారు, సర్దుకుంటారు. ఒక్క సందేహం మిగిలింది. వచ్చే ఏడాది ఈ లారీని గుడియాత్తంలో ఒకరు కొంటామంటున్నారు. అమ్మిన తరువాత బీమా సంగతి మాకు అవసరం ఉండదు కదా?

చిత్తూరు న్యాయవాది

ఉంటుంది. ఆర్‌సీలో పేరు మారేంతవరకు చట్టం దృష్టిలో యజమాని మీ అన్నయ్యగారే. డబ్బు తీసుకుని, అమ్మకపు కాగితం రాసి, బండి అప్పగించి ఏళ్లు గడిచినా, రిజిస్టర్డు యజమానిదే బాధ్యత అని సుప్రీంకోర్టు 2018లో తేల్చింది. కొన్నవారు పాలసీ రెన్యువల్ చేయకుండా తిప్పి ప్రమాదం చేస్తే నోటీసు గాజులమండ్యానికే వస్తుంది. కొనేవారు వేరే రాష్ట్రం వారు కాబట్టి ఫారం 28 మీద ఇక్కడి రవాణా శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తీసుకోవాలి, ఫారం 29, 30 మీద సంతకాలు చేయాలి. బదిలీ సంగతిని వేరే రాష్ట్రానికైతే 45 రోజులలో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలి. 157వ సెక్షను కింద థర్డ్ పార్టీ రక్షణ కొన్నవారికి దానంతట అదే బదిలీ అవుతుంది. ఓన్ డ్యామేజీ భాగం మాత్రం కొన్నవారు పద్నాలుగు రోజులలో సంస్థకు దరఖాస్తు చేసుకుని తమ పేరు మీదికి మార్చుకోవాలి. మీ నో క్లెయిమ్ బోనస్ బండితో పాటు పోదు. దానికి పత్రం తీసుకుని ఉంచితే, కొత్తగా కొనే లారీకి వాడుకోవచ్చు. చివరి విడత సొమ్మును, కొత్త పేరుతో ఆర్‌సీ నకలు చూపించిన రోజునే తీసుకుంటామని అమ్మకపు కాగితంలో రాయించండి.